అర మీసం దేవుడు

అమ్మాయిల హాస్టల్, రెండో అంతస్తు,
నీళ్ల ట్యాంకు కింది గది,
జులై 9

మావయ్యకి,

అమ్మ మూడుసార్లు అడిగింది కాబట్టి రాస్తున్నాను, నీ మీద ప్రేమ పొంగి కాదు. ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడక్కు. ఫోన్లో అయితే సగం మాటకే నువ్వు అరుస్తావు, నేను అరుస్తాను, మధ్యలో అమ్మ ఏడుస్తుంది. కాగితం మీద అయితే నా మాట చివరిదాకా నాదే.

చేరాను. గది బాగానే ఉంది. నెత్తిమీద ట్యాంకు నిండి పొర్లినప్పుడల్లా కిటికీ ముందు జలపాతం. గదిలో ఇంకో అమ్మాయి ఉంది, వాళ్ల నాన్న జడ్జి. నా అరచేతులు చూసి "ఏదైనా చర్మవ్యాధా?" అంది. "అవును, అంటుకుంటుంది" అన్నాను. అప్పటినుంచి నా సబ్బు జోలికి రాలేదు.

మొదటి ఏడాది అందరికీ రెండే పాఠాలు. ప్రాచీన చరిత్ర, ప్రాచీన భాష. చరిత్ర చెప్పేది మా శాఖ హెడ్డు. ఎండ మండిపోతున్నా మెడలో మఫ్లరు తియ్యడు, అందుకని మఫ్లరాయన. మొదటిరోజు గంటసేపు ఏం చెప్పాడంటే, ఒక రాజు ఇంకో రాజు మీద కోపంతో ఊరు తగలబెట్టాడట. ఆ ఊళ్లో మట్టి పలకల మీద రాసిన లైబ్రరీ ఉందట. పచ్చి పలకలన్నీ ఆ మంటకి కాలి గట్టిపడి మూడువేల ఏళ్లు నిలిచాయట. తగలబెట్టినవాడి పేరు అందరూ నోట్సులో రాసుకున్నారు. "పలకలు చేసినవాళ్ల పేర్లేంటండీ?" అని నేను అడిగాను. "అలాంటివి చరిత్రలో ఉండవమ్మా" అన్నాడు. ఒళ్ళు మండింది. అయినా మొదటిరోజు కదా అని నోరు మూసుకున్నాను. చూశావా, ఎదిగాను.

భాష చెప్పేది సుద్ద మేడమ్. సుద్దముక్క జడలో గుచ్చుకుని, మర్చిపోయి, గదంతా వెతుకుతుంది. కాగితాలు పంచి, ఆ మేకులు గుచ్చినట్టుండే పాత అక్షరాలు ఎవరికి ఎన్ని వస్తే అన్ని రాయమంది. మిగతావాళ్లు తెల్లకాగితం ఇచ్చారు. నేను డెబ్బై రాశాను, పై నుంచి కిందికి. పక్కవాడు చూసి పగలబడి నవ్వాడు. ఎడమ నుంచి కుడికి రాయాలట! నాకు దొరికిన పుస్తకంలో మొదటి ఇరవై పేజీలు లేవు, ఆ సంగతి వాటిలో ఉండిపోయింది. పట్టికలన్నీ నిలువుగా ఉండేవి, నేనూ నిలువుగానే నేర్చుకున్నాను. మేడమ్ నవ్వలేదు. నా కాగితం తన పుస్తకంలో పెట్టుకుంది.

"ఎవరు నేర్పారమ్మా?"

"ఎవరూ లేరండి. మా ఇటుకల బట్టీలో నిప్పు రాజెయ్యడానికి చిత్తుకాగితాలు వస్తాయి. వాటిలో పుస్తకం దొరికింది."

"ఆ పుస్తకం ఓసారి తీసుకురా, చూస్తాను."

ఏం చెప్పమంటావు? బట్టీ మేస్త్రీ, అంటే మా సొంత మేనమామ, దాన్ని నా కళ్ల ముందే మంటలోకి విసిరాడని చెప్పనా? "పోయిందండి" అన్నాను. నీ పరువు కాపాడాను. ఊరికే గుర్తుచేస్తున్నాను.

నీ మేనకోడలు


బట్టీ ఆఫీసు గది,
జులై 20

అమ్మాయ్,

నీ ఉత్తరం మీ అమ్మ నాచేత చదివించుకుంది. సగం మింగేసి చదివాను. మిగతా సగానికే మురిసిపోయింది.

రాజెవడో ఊరంతా తగలబెడితే పేరు నోట్సులో రాసుకుంటారు. నేను ఒక్క పుస్తకం తగలబెడితే పది నెలలు నాతో మాట్లాడలేదు నువ్వు. ఆ రోజు ఏం జరిగిందో కూడా రాసి పెట్టు మరి. నిప్పు చూడమని నిన్ను కూర్చోబెట్టాను. నువ్వు పుస్తకం చూశావు. బట్టీ ఆరిపోయింది. ముప్ఫైవేల ఇటుక అటు పచ్చీ కాదు, ఇటు కాలిందీ కాదు. మళ్ళీ రాజెయ్యబోతే మంట మొహం మీదికి కొట్టి నా మీసం కుడిపక్క కమిలిపోయింది. అక్కడ ఇప్పటికీ వెంట్రుక మొలవదు. రెండోపక్క కూడా తీసెయ్యమని మీ అమ్మ పోరుతుంది. ఎందుకు తియ్యాలి? అది ఏం తప్పు చేసింది?

ఇక్కడి కబుర్లు. ఆఫీసు ముందు కొత్త అరుగు కట్టాను, టీ తాగుతూ కూర్చోడానికి. కట్టిన నాలుగో రోజే లారీవాడు వెనక్కి తిప్పుతూ మూల పగలగొట్టాడు. వాణ్ణి తిట్టిన తిట్లు రాస్తే నీ ఉత్తరం అంత అవుతాయి. మీ కాలేజీలో కొత్త మేడ కడుతున్నారట కదా, ఇటుక మనదే. పునాది గుంటలు నింపడానికి ముక్కలు కూడా రెండు లారీలు పంపాం.

వేళకి తిను. జడ్జి కూతురితో మంచిగా ఉండు.

మావయ్య


హాస్టల్,
సెప్టెంబరు 3

మావయ్యా,

జడ్జి కూతురితో మంచిగానే ఉన్నాను. రాజుల వరస నేను తనకి చెబుతున్నాను, ఇస్త్రీ ఎలా చేసుకోవాలో తను నాకు చెబుతోంది. రాజులే తేలిక.

చదువు సంగతి నిజం చెప్పనా? కొన్ని రోజులు కడుపు మండిపోతుంది. వీళ్లకి మట్టి అంటే పుస్తకంలో బొమ్మ. "ఆ కాలపు ఇటుక మీద వేలి ముద్రలు దొరికాయి, అది దేవతకు సమర్పణ చిహ్నం కావచ్చు" అని మఫ్లరాయన చెబుతాడు. పచ్చి ఇటుకని తిప్పి పెడితే వేళ్లు పడక ఏం పడతాయి? చెయ్యెత్తి అదే అన్నాను. "అనుభవం వేరు, శాస్త్రం వేరు" అన్నాడు. బట్టీ పనివాళ్లలో మేధావులు ఉన్నారని నేను అనడం లేదు. నువ్వున్నావుగా. కానీ అడిగితే ఏం పోయింది?

మేడమ్ క్లాసు మాత్రం ఆకలేసినా తెలియదు. మూడువేల ఏళ్ల కిందటి ఒక ఉత్తరం చదివించింది. ఎవడో దూరంలో ఉన్న అన్నకి రాశాడు, "నువ్వు నన్ను అడగవు, నేను బతికే ఉన్నాను" అని. అంతే. అంత చిన్న ముక్కకి నాకు ముక్కు చీదాల్సి వచ్చింది. పక్కవాడు చూశాడు. "జలుబు" అన్నాను.

అసలు సంగతి ఇది. సర్టిఫికెట్లు లేకుండా పరీక్ష రాసి చేరినవాళ్లకి ఈ ఏడాది పరీక్షా కాలమట. ఏడాది చివర హెడ్డు సంతకం పెడితేనే రెండో ఏడాది. పెట్టకపోతే మళ్ళీ నీ దగ్గరికి, ఇటుకల అచ్చు పెట్టె పట్టుకుని. ఈ ఒక్క సంతకం కోసం మఫ్లరాయన జోకులకి కూడా నవ్వుతున్నాను. దవడలు నొప్పి.

నీ మేనకోడలు


హాస్టల్,
నవంబరు 2

మావయ్యా,

నువ్వు జవాబు రాయలేదు. నాకు ఆగే ఓపిక లేదు. కూర్చుని చదువు. అమ్మకి చదవకు.

మా కొత్త మేడ పునాది గుంట పక్కన, మఫ్లరాయన పొద్దున నడకలో ఉంటే, కాలికి ఒక ఇటుక ముక్క తగిలింది. అరచేతంత ఉంటుంది. ఒక పక్కంతా మేకుల అక్షరాలు. అది గుంటలోంచి బయటపడిందనుకున్నాడు మహానుభావుడు. గుంటలోకి వెళ్లాల్సినదని తెలియదు. మఫ్లరులో చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడట. నిన్న క్లాసులో వెల్వెట్ గుడ్డ మీద పెట్టి చూపించాడు. "మూడువేల ఏళ్లు. నిలువు రాత! ఇంతవరకూ ఎక్కడా చూడని పద్ధతి. మన నేల మీద ఒక ప్రత్యేక లేఖక సంప్రదాయం ఉందన్నమాట" అంటూ గొంతు వణికించాడు.

ఆ ప్రత్యేక లేఖక సంప్రదాయం మూడో వరసలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది.

నా చేతిరాత నాకు తెలియదా? నువ్వు పుస్తకం కాల్చిన మర్నాటినుంచి అక్షరాలు మర్చిపోతానేమోనని భయంతో, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు, పనికిరాని పచ్చి ఇటుకల మీద పుల్ల చెక్కి రాసుకునేదాన్ని. రోజుకొకటి. అయ్యాక పారేసే ఇటుకల కుప్పలో పెట్టేదాన్ని. ఆ కుప్ప సాయంత్రానికి గుంతలోకి పోతుంది, నీళ్లు కొట్టి తొక్కితే మళ్ళీ అడుసు. ఒక్కటి కూడా మిగలకూడదు. మరి ఇది మిగలడమే కాదు, కాలింది కూడా. ఎర్రగా, వేలితో కొడితే గంట మోగినట్టు. నా రాత మీద నాకు అంత గౌరవం లేదు మావయ్యా, ఎవడు కాల్చాడు దీన్ని?

మొదట నవ్వాపుకోలేక బెంచీ కింద తల పెట్టాను. తర్వాత చెమటలు పట్టాయి. చెబితే మఫ్లరాయన నలుగురిలో వెధవ అవుతాడు, నా సంతకం గాలికి పోతుంది. చెప్పకపోతే నేను వెధవని.

అందులో ఏం రాశానని అడుగుతావేమో. చంద్రుడి మీద ఏదో పద్యం లాంటిది. పెద్ద విషయం కాదు.

ఎలా కాలిందో చెప్పు. ఏం చెయ్యాలో కూడా చెప్పు. నిన్ను సలహా అడుగుతున్నానంటే నా పరిస్థితి అర్థం చేసుకో.

నీ మేనకోడలు


బట్టీ ఆఫీసు గది,
నవంబరు 9

అమ్మాయ్,

సలహా ఇది. నోరు మూసుకో. సంతకం పడ్డాక తెరుచుకో. ఆయన దొరికిందన్నాడు, ఆయనే చూసుకుంటాడు. నువ్వు ఎవరినీ మోసం చెయ్యలేదు, ఆయన కాలికి ఇటుక నువ్వు అడ్డం పెట్టలేదు.

ఎలా కాలిందంటే, పేర్చేవాళ్లు పొరపాటున కుప్పలోది ఒకటి తీసి బట్టీలో పెట్టి ఉంటారు. వాళ్లకి కళ్లు ఎక్కడ ఉంటాయో నీకు తెలుసుగా. దాని గురించి బుర్ర పాడుచేసుకోకు.

చంద్రుడి మీద పద్యమా. బాగుంది.

మావయ్య


బట్టీ ఆఫీసు గది,
నవంబరు 24

ఒసేయ్,

ఈమధ్య నాలుగు రోజులుగా మట్టి కలిపేవాళ్లు నన్ను చూసి చేతులు జోడిస్తున్నారు. మొన్న ఒకడు అరుగు మీద నా టీ గ్లాసు పక్కన పువ్వు పెట్టాడు. ఏంట్రా ఇది అంటే, "నీ దయ స్వామీ" అంటాడు. టీ బండివాణ్ణి నిలదీస్తే పేపరు చేతిలో పెట్టాడు.

ముక్క కత్తిరించి ఇందులో పెట్టాను. చదువుకో. "అర మీసం దేవుడు: మూడువేల ఏళ్ల నాటి స్తోత్రం లభ్యం." కింద మీ మఫ్లరాయన అర్థం చెప్పాడు. "సకల కార్యాలకు అధిపతి. అర్ధ శ్మశ్రువు కలవాడు. తన జ్ఞానంలో సగం మానవులకు పంచినవాడు. నోట భస్మం ధరించినవాడు. ఆయన హస్తములు..." అక్కడ ఇటుక విరిగిపోయిందట. "మమ్ము కాపాడుగాక అని ఉండి ఉంటుంది" అని ఆయన ఊహ.

నేను ఐదో తరగతి. శ్మశ్రువు అంటే ఏంటని టీ బండివాణ్ణే అడగాల్సి వచ్చింది. మీసం అట!

చంద్రుడికి మీసం ఎప్పుడు మొలిచిందే? ఆ సగం ఎప్పుడు రాలిందే? ప్రపంచంలో అర మీసం పెట్టుకుని పనుల మీద అధికారం చేసేవాళ్లు ఎంతమంది ఉంటారు? నువ్వు రాసిందేంటో, ఆయన చదివినట్టు కాకుండా, నువ్వు రాసినట్టు చెప్పు. ఒక్క అక్షరం మింగినా ఒప్పుకోను. మింగడం నా దగ్గర నేర్చుకున్నావు, నాకే పెట్టకు.

మావయ్య


హాస్టల్,
డిసెంబరు 6

మావయ్యా,

సరే. మేస్త్రీ అనే మాట పాత భాషలో లేదు, "పని పెద్ద" అని రాశాను. మొత్తం ఇది. "పని పెద్దకి మీసం సగం. బుద్ధి అందులో సగం. వాడి నోట్లో బూడిద పడ. వాడి చేతులు." చేతుల తర్వాతి ముక్క లేదు. తిట్టుకో. నేను రాసినరోజు మాత్రం చాలా హాయిగా ఉండింది.

నీ మాట వినలేదు. నోరు తెరిచాను. చెబుతాను విను.

పేపర్లో పడ్డాక మీటింగు పెట్టారు. సుద్ద మేడమ్ ఒక్కతే లేచి, "ఇది ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్ల చెయ్యి. పాతది అని కూడా నాకు నమ్మకం లేదు" అంది. మఫ్లరాయన నవ్వి, "మేడమ్ గారికి సుద్ద తెలిసినంత మట్టి తెలియదు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వి ఊరుకున్నా బాగుండేది. వచ్చే నెల నుంచి మొదటి ఏడాది భాష ఆమె చెప్పక్కర్లేదన్నాడు. ఎవడో కుర్ర లెక్చరరుకి ఇచ్చాడు.

ఆమె గదికి వెళ్లాను. నేను గుమ్మంలో ఉండగానే సొరుగు తీసి ఒక కాగితం బల్ల మీద పెట్టింది. జులైలో నేను నిలువుగా రాసిచ్చిన డెబ్బై అక్షరాలు.

"వెల్వెట్ గుడ్డ తీసిన నిమిషమే తెలిసింది నాకు" అంది.

"తెలిస్తే ఎందుకు చెప్పలేదండీ? మీ క్లాసు పోయింది కదా!"

"చెబితే నీ సంతకం పోతుంది. దాన్ని నాచేత పోగొట్టించకు తల్లీ. పోగొట్టుకుంటే నువ్వే పోగొట్టుకో" అని, మళ్ళీ సుద్దముక్క వెతుక్కోవడం మొదలుపెట్టింది. జడలోనే ఉంది. తీసి చేతికిచ్చి వచ్చేశాను.

నిన్న శాఖ వరండాలో గాజు పెట్టె తెరిచే సభ. పెద్దవాళ్లంతా వచ్చారు. బట్టీ నుంచి వచ్చిన అమ్మాయిని కూడా తీర్చిదిద్దామని చూపించుకోవాలి కదా, "మా విద్యార్థిని స్తోత్రం చదువుతుంది" అని నన్ను పిలిచాడు మఫ్లరాయన. చదివాను. పాత భాషలో ఒకసారి, తర్వాత మన మాటల్లో, పైన నీకు రాసింది రాసినట్టు. ముందు వరసలో ఎవరో దగ్గారు. జడ్జి కూతురు పక్కున నవ్వి నోరు మూసుకుంది.

"ఈ అర్థం నీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు ఆయన, ఇంకా నవ్వుతూనే.

"ఎవరూ చెప్పలేదండి. రాసిందే నేను. ఆ మీసం మా మావయ్యది."

బట్టీలో పచ్చి ఇటుకల మీద రాసుకుని, అడుసు గుంతలోకి పోయే కుప్పలో పెట్టేదాన్నని కూడా చెప్పాను. ఆయన తేరుకుని, "నీ రాతలన్నీ అడుసులో కలిసిపోయాయని నువ్వే అంటున్నావు. ఇది కాలిన ఇటుక. రుజువేది? పేరు కోసం ఎవరైనా ఏదైనా అంటారు" అన్నాడు. ఈ నెల ఇరవైలోగా రుజువు తేవాలి, లేదా అబద్ధం చెప్పానని రాసివ్వాలి. రెండూ కాకపోతే సామాను సర్దుకోవాలి.

అందుకని ఇప్పుడు తిన్నగా అడుగుతున్నాను. పేర్చేవాళ్ల పొరపాటని రాశావు. పద్దెనిమిదేళ్లుగా బట్టీలో ఒక్క ఇటుక నీ కళ్లు కప్పి పోలేదని నువ్వే చెప్పుకుంటావు. ఎలా కాలింది మావయ్యా?

నీ మేనకోడలు


బట్టీ ఆఫీసు గది,
డిసెంబరు 13

అమ్మాయ్,

నేనే కాల్చాను.

పుస్తకం విసిరింది కోపంలో. అది అంటుకుని ముడుచుకుపోతుంటే నీ మొహం చూశాను. ఒక్క మాట అనలేదు నువ్వు. తిడితే బాగుండేది. మర్నాడు మధ్యాహ్నం బొగ్గు షెడ్డు చాటున నువ్వు పచ్చి ఇటుక మీద గీస్తుంటే దూరం నుంచి చూశాను. సాయంత్రం ఆ ఇటుక కుప్పలో కనపడింది. గుంతలో పడేయించబోయి ఆగిపోయాను. తీసి ఆరబెట్టి, బట్టీలో నడిమి వరసలో పెట్టాను, మంట సమంగా తగిలే చోట. యజమాని ఇంటికి పంపే ఇటుక కూడా అక్కడ పెట్టను. తర్వాత రోజూ అదే పని. మొత్తం రెండువందల పన్నెండు. మూడు పగిలాయి. మిగతావన్నీ బొగ్గు షెడ్డులో గోనెలు కప్పి దాచాను.

ఎందుకు చెప్పలేదంటావా? చెబితే పుస్తకం కాల్చడం తప్పని ఒప్పుకున్నట్టు. మేస్త్రీ తప్పు ఒప్పుకుంటే బట్టీలో ఎవడు మాట వింటాడు? నువ్వు చదువుకి వెళ్లిపోయాక వాటితోనే అరుగు కట్టాను. రాత కిందికి పెట్టి, ఎవరికీ తెలియకుండా. రోజూ టీ వాటి మీదే తాగుతున్నాను.

లారీవాడు మూల పగలగొట్టినప్పుడు ఒక ఇటుక రెండు ముక్కలైంది. ఒక ముక్క కింద పడింది, ఊడ్చినవాళ్లు దాన్ని మిగతా ముక్కలతో కలిపి లారీకి ఎత్తేశారు. అదే మీ దేవుడు. రెండో ముక్క అరుగులోనే ఉండిపోయింది. నిన్న ఉలితో, పిల్లపన్ను తీసినంత నెమ్మదిగా తీశాను. నా పాత చొక్కాలో చుట్టి అదే లారీవాడి చేతికిచ్చి పంపుతున్నాను. వాడు పగలగొట్టిన దానికి వాడే మొయ్యాలి. కుదుపు తగిలితే నీ మీసం కూడా సగం చేస్తానని చెప్పాను. మిగతా రెండువందలు కూడా చూస్తామంటే రమ్మను మీ మఫ్లరాయన్ని. అరుగు మీద కూర్చోబెట్టి మరీ చూపిస్తాను.

ఒకటి అడుగుతాను. ఆ రెండో ముక్క మీద ఏముంది? "ఆయన హస్తములు కాపాడుగాక" అని మీ పెద్దాయన ఊహించాడు కదా. పైన అన్ని తిట్లు తిట్టినా, చివరికొచ్చేసరికి నీకు కోపం దిగిపోయి అలాంటిదేదో రాసి ఉంటావని నేనూ అనుకుంటున్నాను. రోజూ దాని మీదే కూర్చున్నాను, తెలుసుకోవాలని ఉంటుంది కదా.

మావయ్య


హాస్టల్,
డిసెంబరు 21

మావయ్యా,

నీ లారీవాడు ఆ చొక్కా మూటని ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో మూట. దిగగానే తన మీసం తడిమి చూసుకున్నాడు.

నిన్న మఫ్లరాయన గదిలో, పెద్దవాళ్ల ముందు, రెండు ముక్కలూ దగ్గరికి జరిపాను. టక్కుమని అతుక్కున్నాయి. వెంట్రుక దూరే సందు లేదు. ముక్క అంచున నీ అరుగు సున్నం ఇంకా ఉంది. ఆయన అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, భూతద్దం పెట్టాడు. చివరికి చెమట పట్టి మఫ్లరు విప్పాడు. క్లాసంతా ఆరు నెలలుగా దాని కింద ఏముందోనని పందాలు వేసుకుంటున్నాం. ఏమీ లేదు, మామూలు మెడ.

ఇప్పుడు చూడు ఆయన తెలివి. ఇవాళ్టి పేపర్లో ఏం చెప్పాడంటే, తనకి మొదటినుంచీ అనుమానం ఉందట. విద్యార్థుల నిజాయితీని పరీక్షించడానికే అలా ప్రకటించాడట. ఒక విద్యార్థిని ఆ పరీక్షలో నెగ్గిందట. చదివి నోట్లో టీ బయటికొచ్చింది. కానీ పరీక్షలో నెగ్గినదాన్ని ఇంటికి ఎలా పంపుతాడు? సంతకం ఏడాది చివరిదాకా ఆగలేదు, ఈ సాయంత్రమే పెట్టాడు. పెన్ను కాగితంలోకి దిగబడేంత గట్టిగా.

మేడమ్ క్లాసు మేడమ్‌కి వచ్చింది. ఇటుక గాజు పెట్టెలోనే ఉంది, కింద చీటీ ఆమె రాసింది. "మొదటి ఏడాది విద్యార్థిని రాత. తప్పులు పద్నాలుగు." అరుగులోవన్నీ నేను కాగితం మీదికి ఎక్కించాలట, అదే నా సంవత్సరపు పని. నీకు అర్థమైందో లేదో. వాటిలో మొదటి నూట యాభై తిట్లు కావు మావయ్యా. పుస్తకంలో నాకు గుర్తున్నదంతా పట్టిక పట్టికగా దించుకున్నాను. ఆ పుస్తకం నీ అరుగులో ఉంది. ఇరవై పేజీలు తక్కువ, అంతే.

రెండో ముక్క సంగతి. మూడు రోజులనుంచి ఎలా రాయాలా అని చూస్తున్నాను. మింగనని మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను. "వాడి చేతులు" తర్వాత ఉన్నది ఇది. "విరగ. పుస్తకం కాల్చాడు." కాపాడమని ఎక్కడా లేదు. నాకు కోపం దిగలేదు.

ఇంకొకటి. ఆ రోజు బట్టీ ఆరిపోయింది నా వల్లే. నేను కూడా ఎప్పుడూ ఒప్పుకోలేదు.

నీ మేనకోడలు


అరుగు మీద నుంచి,
జనవరి 2

అమ్మాయ్,

విరగలేదు. ఆ రెండు చేతులతోనే అరుగంతా విప్పి, రాత పైకి వచ్చేలా మళ్ళీ కట్టాను. మూడు రోజులు పట్టింది. కూర్చుంటే గుచ్చుకుంటోందని లారీవాడు గోల పెడుతున్నాడు. నిలబడి తాగమన్నాను. మట్టి కలిపేవాళ్లు వచ్చి ఇది ఏంటి, అది ఏంటి అని వేలు పెట్టి అడుగుతున్నారు. మా కోడలు వచ్చి చెబుతుందిరా అంటున్నాను.

సెలవులకి రా. మొదటి నూట యాభై నీ ఇష్టం. మిగతావి ఒక్కొక్కటీ నాకు చదివి వినిపించాలి, మీ అమ్మ లేనప్పుడు. నీకు పుల్ల చెక్కి ఉంచాను.

ఆ మూల మాత్రం ఖాళీగా ఉంది, మీవాళ్లు గాజు పెట్టెలో పెట్టుకున్న దాని చోటు. అక్కడికని ఒక పచ్చి ఇటుక కోసి తడిగుడ్డ కప్పి పెట్టాను, రోజూ తడుపుతున్నాను. నీ ఇష్టం వచ్చింది రాసుకో, తిట్టినా సరే. ఈసారి ఎడమ నుంచి కుడికి రాయి.

నిప్పు నేను చూసుకుంటాను.

మావయ్య